జ్వరానికీ తొలి సూదికీ మధ్య దూరం

రాజంపేట, నందలూరు, పుల్లంపేట వైపు వాళ్లు క్యాన్సర్ వైద్యానికి ఎక్కువగా తిరుపతికే వెళ్తారు. రోడ్డున దాదాపు 90 కిలోమీటర్లు. అక్కడ స్విమ్స్ 1993 నుంచీ ఉంది. అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి 2022లో తెరుచుకుంది. అంతకు మించిన వైద్యం కావాలంటే వేలూరు సీఎంసీ మరో 100 కిలోమీటర్ల పైచిలుకు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక కీమో మందులు పేదవాళ్లకూ అందుబాటులోకి వచ్చాయి. పొద్దున వెళ్లి కీమో ఎక్కించుకొని, సాయంత్రం బస్సుకో రైలుకో ఇల్లు చేరడం ఇప్పుడు ఈ సీమలో మామూలు సంగతి. వాంతులు, నీరసం రెండు మూడు రోజులు ఉండి తగ్గుతాయి. గండం గడిచిందని ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. అసలు గండం ఆ తర్వాతే మొదలవుతుంది. చాలా రకాల కీమోల్లో ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా రోగి ఒంట్లో తెల్లకణాలు అట్టడుగుకు పడిపోతాయి. ఆ రోజుల్లో ఏ రాత్రో ఒళ్లు కాలుతుంది. తెల్లారాక చూద్దామని జ్వరం బిళ్ల వేసి పడుకోబెడతారు. పొద్దున్నకి చేతులూ కాళ్లూ చల్లబడి, బీపీ అందక, మనిషికి మాట తడబడుతూ ఉంటుంది. అప్పుడు నెత్తురు తీసి పరీక్షకు పంపితే అందులో పెరిగే క్రిమి ఏదో కొత్తది కాదు. చాలాసార్లు అది ఈ-కోలి, లేదంటే క్లెబ్సియెల్లా. రోగి సొంత పేగుల్లో ఎప్పటినుంచో కాపురమున్న క్రిమి.

ఇలాంటి మరణాల్లో చాలావాటిని ఆపే మందులు మన దగ్గర లేవా అంటే, ఉన్నాయి. రోగికి జ్వరం వచ్చిన గంటకూ, నరంలోకి తొలి యాంటిబయాటిక్ డోసు వెళ్లే గంటకూ మధ్య ఎన్ని గంటలు గడిచాయన్నదే ప్రాణాన్ని నిలబెడుతుంది, లేదా తీస్తుంది. రాజంపేట లాంటి ఊళ్లో ఆ తొలి డోసు కోసం తిరుపతి దాకా పోవలసిన అవసరం ఉండకూడదు. అది రాజంపేటలోనే పడాలి. ఇందుకు ఆధారాలు ఎక్కడివి, ఎదురయ్యే అభ్యంతరాలకు జవాబేమిటి అన్నది చూడాలంటే ముందు ఆ క్రిమికీ మనకూ ఉన్న సంబంధం అర్థం కావాలి.

జర్మన్ పిల్లల వైద్యుడు థియోడర్ ఎషెరిక్ 1885లో పసిబిడ్డల మలంలో ఒక కడ్డీ ఆకారపు బ్యాక్టీరియాను గుర్తించాడు. ఈ-కోలి అని ఇప్పుడు మనం పిలుస్తున్నది దాన్నే. బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే అది పేగుల్లో చేరుతుంది, బతికినంత కాలం ఉంటుంది. ఒక సగటు మనిషి ఒంట్లో దాదాపు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో ఇజ్రాయెల్, కెనడా శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. వాటన్నిటి బరువు కలిపితే 200 గ్రాములే. వాటిలో అత్యధిక భాగం పెద్దపేగులో గాలి తగలని చోట బతికేవి. ఈ-కోలి ఆ గుంపులో చిన్న వాటాదారు మాత్రమే. మిగతావి దాన్ని అదుపులో ఉంచుతాయి, బయటి క్రిమికి చోటు దొరకనివ్వవు. 1950లలో అమెరికాలో ఎలుకల మీద చేసిన ప్రయోగాలు దీన్ని తేటతెల్లం చేశాయి. మామూలు ఎలుకకు సాల్మొనెల్లా అంటుకోవాలంటే లక్ష దాకా క్రిములు కావలసి వచ్చింది. ముందుగా స్ట్రెప్టోమైసిన్ ఇచ్చి పేగుల్లోని బ్యాక్టీరియాను చంపేస్తే పది క్రిములు కూడా అక్కర్లేకపోయాయి. కాబట్టి పేగుల్లోని క్రిములను శత్రువులుగా చూడటం పొరపాటు. అవి లేకపోతే మనకే చేటు.

మరి మేలు చేసేదే ప్రాణం ఎలా తీస్తుంది? పేగు లోపలి గోడ మందం ఒకే ఒక్క వరుస కణాలు. అవతల కోటానుకోట్ల బ్యాక్టీరియా, ఇవతల నెత్తురు. ఆ కణాలు మూడు నాలుగు రోజులకోసారి రాలిపోతాయి, అడుగు నుంచి కొత్తవి పుట్టి వాటి చోటు నింపుతాయి. ఆరోగ్యవంతుడిలోనూ అప్పుడప్పుడూ కొన్ని క్రిములు ఆ గోడ దాటుతూనే ఉంటాయి. దాటినవాటిని న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు మింగేస్తాయి. వాటినీ తప్పించుకున్నవి కాలేయంలో చిక్కి చస్తాయి. మనకు తెలియనైనా తెలియదు. ఎముకల మజ్జ రోజుకు దాదాపు పదివేల కోట్ల న్యూట్రోఫిల్స్ తయారు చేస్తుంది, అవి బతికేది చాలా కొద్ది కాలం. కీమో మందు పనిచేసేది వేగంగా విడిపోయే కణాల మీద. క్యాన్సర్ కణాలు అలాంటివే. పేగు గోడ కణాలూ అలాంటివే, మజ్జలోని కణాలూ అలాంటివే. అందుకే ఒకే దెబ్బకు గోడా పలచబడుతుంది, కాపలా కణాలూ మాయమవుతాయి. 2021 నవంబరు 19న చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఊళ్లను ముంచింది కొత్త నీళ్లు కావు, పొలాలను తడిపే ఆ ఏటి నీళ్లే. రోగి ఒంట్లో జరిగేదీ అంతే: నీళ్లలో మార్పు లేదు, కట్ట నిలవలేదు.

ఈ చరిత్రలో ఒక తెలుగువాడి పాత్ర ఉంది. దాన్ని చెప్పకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కుటుంబాన్ని స్ప్రూ అనే పేగుల జబ్బు వెంటాడింది. తానూ దాని బారిన పడి, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. 1923లో అమెరికా వెళ్లారు. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేశారు. ఫోలిక్ ఆమ్లం పేగులకూ, నెత్తురుకూ కొత్త కణాలు పుట్టడానికి కావలసిన పదార్థం. దాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డుకునే మందులు కూడా అక్కడే తయారయ్యాయి. అవే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ అమినాప్టెరిన్‌ను ల్యూకేమియా సోకిన 16 మంది పిల్లలకు ఇస్తే, 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కు తగ్గింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఈనాటి కీమో చికిత్సకు తొలి మెట్లలో అదొకటి. ఫోలిక్ ఆమ్లం ఏ కణాలకు ప్రాణం పోస్తుందో, దాని విరోధి మందు ఆ కణాలనే ఆపుతుంది. అందుకే మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకు నోట్లో, పేగుల్లో పుండ్లు పడతాయి. ఆయన విభాగంలోనే బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ అనే యాంటిబయాటిక్ కూడా 1948లోనే లోకానికి తెలిసింది. క్యాన్సర్ మందు వచ్చిన చోటే, ఆ మందు తెచ్చే గండానికి విరుగుడుగా పనికొచ్చే మందుల తరగతి కూడా రూపుదిద్దుకుంది. ఈ రెండూ ఒకదాన్ని విడిచి ఒకటి సాగలేవని ఆ తర్వాతి రెండు దశాబ్దాల ల్యూకేమియా వార్డులు నేర్పాయి.

1966లో జెరాల్డ్ బోడీ బృందం ల్యూకేమియా రోగుల తెల్లకణాల లెక్కనూ, వాళ్లకు వచ్చిన ఇన్ఫెక్షన్లనూ పక్కపక్కన పెట్టి చూసింది. మైక్రోలీటరు నెత్తురులో న్యూట్రోఫిల్స్ వెయ్యికి తగ్గగానే ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి, 500 దిగువన ఇంకా ఎక్కువ, 100 దిగువన అన్నిటికన్నా తీవ్రం. ఆ దిగువన ఎన్ని రోజులు ఉంటే ముప్పు అంత పెరుగుతుంది. అప్పటినుంచి ప్రపంచమంతా ఈ రోగుల వైద్యం ఈ అంకెల మీదే నడుస్తోంది. మరి నెత్తురులో దొరికిన క్రిమి రోగి పేగుల్లోదేనని ఎలా చెప్పగలం? న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో మజ్జ మార్పిడి చేయించుకున్న 94 మంది మలాన్ని వరుసగా పరీక్షించి, 2012లో ఫలితాలు ప్రకటించారు. పేగుల్లో ఈ-కోలి, క్లెబ్సియెల్లా జాతి క్రిములదే పైచేయి అయినవాళ్లకు అవి నెత్తురులోకి వచ్చే ముప్పు ఐదు రెట్లు ఎక్కువని తేలింది. అంటే నెత్తురులో ప్రమాదం పేగుల్లో ముందుగానే తయారవుతోంది. 2018లో స్టాన్‌ఫర్డ్‌లో అమీ భట్ బృందం మరో అడుగు వేసింది. నెత్తురులో దొరికిన క్రిమి జన్యుపటాన్ని, అదే రోగి మలంలోని క్రిముల జన్యుపటంతో పోల్చింది. కొందరిలో రెండూ ఒకటే. చర్మం మీదిదనో ఆసుపత్రి పరిసరాల్లోదనో మనం అనుకునే కొన్ని క్రిములు కూడా కొందరిలో పేగుల్లోంచే వచ్చాయని ఆ పరిశోధన చూపింది.

ఈ ఆధారాలను తెలుగు ఇళ్లలో గట్టిగా చెప్పాలి. ఎందుకంటే మన దగ్గర రోగికి ఇన్ఫెక్షన్ రాగానే నింద వంటచేసిన ఆడమనిషి మీద పడుతుంది. నీళ్లు సరిగ్గా కాచలేదనీ, చూడవచ్చినవాళ్లను లోపలికి రానిచ్చిందనీ, సంగటిలోకి మజ్జిగ పోసిందనీ. తల్లో భార్యో ఆ మాటను బతికినంతకాలం మోస్తుంది. చాలా సందర్భాల్లో ఆ నిందకు ఆధారమే లేదు. క్రిమి బయటి నుంచి రాలేదు. పచ్చి కూరగాయలు, పండ్లు పూర్తిగా మానిపించే పథ్యం మీద అమెరికాలో, ఇటలీలో పరీక్షలు జరిగాయి. 2008లో వచ్చిన అమెరికా ఫలితాల్లో పచ్చివి తిన్నవాళ్లకూ వండినవే తిన్నవాళ్లకూ పెద్ద ఇన్ఫెక్షన్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. 2023 నాటి ఇటలీ పరీక్షలోనూ కఠిన పథ్యం అదనపు రక్షణ ఇవ్వలేదు. అయితే శుభ్రత అక్కర్లేదని దీని అర్థం కాదు. పేగుల్లో చేరే క్రిముల్లో కొన్ని ఆసుపత్రిలోనే, సిబ్బంది చేతుల మీదుగా, వైద్యం జరుగుతుండగా చేరతాయని 1970లలోనే గుర్తించారు. ఆ దేశాల కుళాయి నీళ్లకూ ఇక్కడి బోరు నీళ్లకూ తేడా ఉంది కాబట్టి కాచిన నీళ్లు, వేడి అన్నం, తొక్క ఒలిచి తినే అరటిపండు మంచి జాగ్రత్తలే. చేతులు కడుక్కోవడం అన్నిటికన్నా మంచిది. కానీ ఎంత శుభ్రంగా ఉన్న ఇంట్లోనైనా ఈ జ్వరం రావచ్చు. ఇల్లు శుభ్రంగా ఉంది, కాబట్టి ఇది మామూలు జ్వరమే అనుకోవడం వల్లే ప్రాణాలు పోతున్నాయి.

మామూలు జ్వరంలా కనిపించడమే ఈ జబ్బులోని పెద్ద మోసం. చీము పట్టడం, వాపు, ఎర్రబారడం, గొంతులో తెల్ల మచ్చలు ఇవన్నీ న్యూట్రోఫిల్స్ పోరాటం వల్ల పైకి కనిపించే గుర్తులు. అవే లేనప్పుడు గుర్తులూ ఉండవు. పొట్టలో కుడివైపు కింద కాస్త నొప్పి, ఒకటి రెండు విరేచనాలు, చలి, అంతే. ఒక్కోసారి జ్వరం ఒక్కటే కనిపించే గుర్తు. అందుకే లెక్క కచ్చితంగా పెట్టుకున్నారు: థర్మామీటరు ఒక్కసారి 101 చూపినా, లేదా 100.4 దాటి గంటసేపు నిలిచినా, కీమో తీసుకున్న మనిషికి అది అత్యవసర పరిస్థితి. రాయలసీమ ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో ఒళ్లు వెచ్చబడితే ఎండ దెబ్బ అనుకోవడం సహజం. వీధి చివరి ఆర్ఎంపీ దగ్గరకు పోతే ఒక సెలైన్, జ్వరానికి ఒక సూది, దానితోపాటు డెక్సా ఇవ్వడం కూడా ఈ ప్రాంతంలో కొత్త కాదు. ఆ డెక్సా అనేది స్టెరాయిడ్. రెండు గంటల్లో జ్వరం దిగుతుంది, రోగి లేచి కూర్చుంటాడు, ఇంటివాళ్లు దండం పెడతారు. నెత్తురులో క్రిములు మాత్రం అలాగే ఉంటాయి, వాటిని కాస్తో కూస్తో ఎదిరించే శక్తి కూడా తగ్గిపోతుంది. మలబద్ధకానికి ఎనిమా ఇవ్వడం, పిల్లలకు జ్వరం మందు ఆసనంలో పెట్టడం, అక్కడ థర్మామీటరు పెట్టి చూడటం, ఇవి మామూలు వాళ్లకు ఏమీ చెయ్యవు. ఈ రోగుల్లో మాత్రం పలచబడిన గోడకు గీత పడి, క్రిములకు దారి దొరుకుతుంది. వీటిని పూర్తిగా మానాలి.

ఇక గంటల సంగతి. 1971 దాకా వైద్యులు నెత్తురు పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగి, క్రిమి పేరు తెలిశాక మందు మొదలుపెట్టేవారు. ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఆలోగా చాలామంది చనిపోయేవారు. స్టీఫెన్ షింఫ్ బృందం ఆ పద్ధతి తిరగేసింది. జ్వరం రాగానే, క్రిమి ఏదో తెలియకముందే, రెండు యాంటిబయాటిక్స్ కలిపి మొదలుపెట్టింది. క్రిమి పేరు కోసం ఆగకుండా మందు మొదలుపెట్టడమే ఇప్పుడు ప్రపంచమంతా నడుస్తున్న పద్ధతి. రోగి ఆసుపత్రి గుమ్మం తొక్కిన 60 నిమిషాల్లో తొలి డోసు పడాలన్నది నేటి మార్గదర్శక సూత్రం. ఇంత చేసినా 1995 నుంచి 2000 దాకా అమెరికాలో 115 ఆసుపత్రుల్లో ఇలాంటి జ్వరంతో చేరిన 41,779 మంది పెద్దల్లో 9.5 శాతం మంది ఆసుపత్రిలోనే మరణించారు. అన్ని వసతులూ ఉన్న చోట లెక్క అది. ఇన్ఫెక్షన్ వల్ల బీపీ పడిపోయి షాక్‌లోకి వెళ్లిన 2,731 మంది మీద ఆనంద్ కుమార్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో, బీపీ పడిపోయాక సరైన యాంటిబయాటిక్ ఆలస్యమైన ప్రతి గంటకూ బతికే అవకాశం సగటున 7.6 శాతం చొప్పున తగ్గింది. ఇక్కడ ఒక అభ్యంతరం నిజాయితీగా ఒప్పుకోవాలి. బీపీ నిలకడగా ఉన్న రోగుల్లో ఒక గంట ఆలస్యానికి అంత తేడా అన్ని అధ్యయనాల్లోనూ కనిపించలేదు. ఆ వాదన నిజమే. కానీ అక్కడ కొలిచిన ఆలస్యం ఆసుపత్రిలో చేరాక పట్టే గంట, రెండు గంటలు. రాజంపేట రోగి విషయంలో ఆలస్యం రాత్రంతా. పైగా ఇంట్లో ఉన్న రోగి ఏ గంటకు షాక్‌లోకి జారతాడో కనిపెట్టి చూసేవాళ్లు ఉండరు. అర్ధరాత్రి వాహనం మాట్లాడుకొని, కోడూరు దాటి, బాలపల్లె అడవి దారిన రేణిగుంట మీదుగా తిరుపతి చేరి, అత్యవసర విభాగంలో పరీక్షలయ్యాక సూది పడేసరికి ఎన్ని గంటలు? గంట తేడా గురించి జరిగే పండిత చర్చ ఈ పరిస్థితికి వర్తించదు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైంది. చిన్న ఆసుపత్రుల్లో పెద్ద యాంటిబయాటిక్స్ వాడనిస్తే మందులకు లొంగని క్రిములు ఇంకా పెరగవా? భయం అకారణం కాదు. భారత వైద్య పరిశోధన మండలి నిఘా నివేదికల ప్రకారం, మన పెద్దాసుపత్రుల్లో దొరికిన ఈ-కోలిలో ఇమిపెనెం అనే చివరి వరుస మందుకు లొంగనివి 2016లో 14 శాతం ఉంటే 2021కి 36 శాతమయ్యాయి. ఐదేళ్లలో రెండు రెట్లు దాటింది. అయితే ఈ మొండి క్రిములు ఎక్కడ పెరుగుతున్నాయి? 2017లో ప్రచురితమైన నెదర్లాండ్స్ అధ్యయనం రెండు వేల మంది ప్రయాణికుల మలాన్ని ప్రయాణానికి ముందూ తర్వాతా పరీక్షించింది. దక్షిణాసియా వచ్చి వెళ్లినవాళ్లలో 75 శాతం మంది పేగుల్లోకి మందులకు లొంగని ఒక రకం క్రిములు కొత్తగా చేరాయి. వాళ్లు వచ్చింది ఆసుపత్రులకు కాదు, ఊళ్లు చూడటానికి. అంటే ఆ క్రిములు మన నీళ్లలో, తిండిలో, మన అందరి పేగుల్లో ఉన్నాయి. జలుబుకూ, నీళ్ల విరేచనాలకూ చీటీ లేకుండా అమ్మే బిళ్లల వల్ల, కోళ్ల దాణాలో కలిపే మందుల వల్ల అవి పెరిగాయి. చీటీ లేకుండా కొన్ని యాంటిబయాటిక్స్ అమ్మకూడదని 2014 మార్చి నుంచి హెచ్1 షెడ్యూలు ఉంది. కోళ్లకు, పశువులకు కోలిస్టిన్ అనే యాంటిబయాటిక్ వాడరాదని 2019లో నిషేధం వచ్చింది. కట్టడి చెయ్యవలసింది అక్కడ. కీమో తీసుకొని తెల్లకణాలు పడిపోయిన మనిషికి, 101 జ్వరంతో, ఒక్క డోసు ఇవ్వడాన్ని అడ్డుకుంటే మొండి క్రిములు తగ్గవు, మనిషి పోతాడు. పైగా మన పేగుల్లో ఇలాంటి క్రిములు ఎక్కువ కాబట్టే మొదటి డోసు ఏదో ఒక బిళ్ల కాకుండా ఆలోచించి ఎంచిన మందు కావాలి. ఆ ఎంపిక వీధి డాక్టరుకు వదిలెయ్యకూడదు. కీమో ఇచ్చిన ఆసుపత్రే ముందుగా కార్డు మీద రాసివ్వాలి.

డోసుకు ముందు కల్చర్ కోసం, అంటే క్రిమిని పెంచి గుర్తించే పరీక్ష కోసం, నెత్తురు తియ్యాలి కదా, చిన్న ఆసుపత్రిలో ఆ ప్రయోగశాల ఎక్కడిది అని వైద్యులు అడగవచ్చు. ప్రయోగశాల ఉండనక్కర్లేదు, సీసాలు ఉంటే చాలు. నెత్తురు తీసి సీసాల్లో పోసి, ఫ్రిజ్‌లో పెట్టకుండా రోగి వెంటే పంపితే తిరుపతిలోనో కడపలోనో దాన్ని యంత్రంలో పెడతారు. సీసాలు కూడా లేకపోతే డోసు ఆపకూడదు.

ముందుగానే పేగుల్లోని క్రిములన్నిటినీ చంపేస్తే పోదా అన్న ఆలోచన కూడా కొత్తది కాదు. 1960, 70లలో పాశ్చాత్య దేశాల్లో రోగులను శుద్ధిచేసిన గాలి గదుల్లో ఉంచి, నోటి ద్వారా బలమైన యాంటిబయాటిక్స్ ఇచ్చి పేగులను శుభ్రం చెయ్యబోయారు. ఆ మందులు మింగలేక రోగులు మధ్యలో మానేసేవారు. మానగానే ఖాళీ అయిన పేగుల్లో మొండి క్రిములు ముందుగా నిండేవి. ఎలుకల ప్రయోగం నేర్పిన పాఠమే మనుషుల్లోనూ రుజువైంది. లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటిబయాటిక్ బిళ్ల ముందు జాగ్రత్తగా ఇస్తే జ్వరాలు తగ్గుతాయని 2005లో ఇటలీ పరీక్ష చూపింది. ఇచ్చినవాళ్లలో 65 శాతానికి, ఇవ్వనివాళ్లలో 85 శాతానికి జ్వరం వచ్చింది. అక్కడ ఆ మందుకు లొంగే క్రిములు ఎక్కువ. మన దగ్గర ఆ తరగతి మందులకు ఈ-కోలి చాలావరకు లొంగడం మానేసింది. కాబట్టి ఆ బిళ్లను నమ్ముకొని జ్వరాన్ని తేలిగ్గా తీసుకోవడం మనకు పనికిరాదు.

చంపడం కాకుంటే మంచి క్రిములను నింపడం అనే ఆశ ఒకటుంది. ఒడిశా పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువులకు ఏడు రోజులపాటు ఒక లాక్టోబాసిల్లస్ రకాన్ని ఇవ్వడమో, ఇచ్చినట్టే కనిపించే ఉత్తి పొడి ఇవ్వడమో చేసి చూశారు. సెప్సిస్, మరణాలు కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయని 2017లో ప్రకటించారు. మన దేశం గర్వించదగ్గ పరిశోధన అది. కానీ ఆ బిడ్డలు తగినంత బరువుతో పుట్టినవాళ్లు. నెలలు నిండని బలహీన శిశువుకు ఇచ్చిన ప్రోబయోటిక్‌లోని క్రిమే నెత్తురులోకి చేరి ఆ బిడ్డ చనిపోయిన ఘటన తర్వాత, 2023లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఆసుపత్రులను హెచ్చరించింది. 2019లో అదే సంస్థ మరో హెచ్చరిక చేసింది. ఆరోగ్యవంతుడి మల పదార్థంతో తయారు చేసిన గొట్టం బిళ్లలు మింగించే ప్రయోగ చికిత్సలో, రోగనిరోధక శక్తి తగ్గిన ఇద్దరికి ఒకే దాత నుంచి మొండి ఈ-కోలి నెత్తురులో చేరింది. వాళ్లలో ఒకరు మరణించారు. దాతకు ఏ జబ్బూ లేదు. అతని పేగుల్లో చక్కగా ఉన్న క్రిమే, గోడా కాపలా లేని మరో మనిషిలో ప్రాణం తీసింది. ఈ వ్యాసంలో చెబుతున్నదానికి ఇంతకన్నా సూటి రుజువు దొరకదు. మందుల షాపులో దొరికే ప్రోబయోటిక్ గొట్టం బిళ్లలు మంచివే కదా అని కీమో రోగికి వేసేముందు వైద్యుణ్ణి అడగాలి.

కీమో తీసుకునేవాళ్ల గురించే ఇంతసేపూ చెప్పినా, పొలం పనిచేసే ఈ సీమలో మరో వర్గం గురించి చెప్పకపోతే పొరపాటవుతుంది. కీళ్లనొప్పులకూ, ఉబ్బసానికీ, చర్మవ్యాధులకూ నెలల తరబడి స్టెరాయిడ్లు వాడేవాళ్లు. స్ట్రాంజిలాయిడిస్ అనే దారం లాంటి పురుగు ఉంది. తడి మట్టిలో చెప్పుల్లేకుండా నడిచినవాళ్ల పాదాల చర్మంలోంచి లోపలికి వస్తుంది. మిగతా పురుగుల్లా కొన్నాళ్లకు పోదు. ఒంట్లోనే మళ్లీ మళ్లీ పుట్టుకొస్తూ దశాబ్దాలు ఉండిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రైలు మార్గం పనిలో చిక్కుకున్న బ్రిటిష్ ఖైదీల్లో కొందరికి 40 ఏళ్ల తర్వాత కూడా ఈ పురుగు ఉంది. మామూలుగా ఏ బాధా పెట్టదు. స్టెరాయిడ్ పడగానే అదుపు తప్పి వేలాదిగా పెరిగి, పేగు గోడను తూట్లు పొడుచుకుంటూ ఒళ్లంతా పాకుతుంది. పోతూ పోతూ పేగుల్లోని బ్యాక్టీరియాను వెంట తీసుకుపోతుంది. ఊపిరితిత్తుల్లోనూ మెదడు పొరల్లోనూ ఈ-కోలి దొరకడం దీని గుర్తుల్లో ఒకటి. జ్వరం కూడా రాకుండా మనిషి కూలిపోవచ్చు, ఎందుకంటే స్టెరాయిడ్ జ్వరాన్నే అణచేస్తుంది. కోవిడ్ కాలంలో లక్షలాది మందికి డెక్సామెథసోన్ ఇచ్చినప్పుడు ఈ ముప్పును గుర్తుంచుకొమ్మని నిపుణులు హెచ్చరించారు. మల పరీక్షలో పురుగు ఒక్కసారికే దొరక్కపోవచ్చు. ఐవర్‌మెక్టిన్ బిళ్లలతో మాత్రం దాన్ని ముందుగానే వదిలించుకోవచ్చు. దీర్ఘకాలం స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు వ్యవసాయ కూలీని తడి మట్టిలో చెప్పుల్లేకుండా నడుస్తావా అని ఒక్క ప్రశ్న అడగడానికి వైద్యుడికి అర నిమిషం పడుతుంది.

ఈ కొద్దిమంది రోగుల కోసం రాజంపేట ఏరియా ఆసుపత్రిలో అదనపు ఏర్పాటు అవసరమా అని అధికారులు అడగవచ్చు. కావలసింది కొత్త భవనమూ కాదు, కొత్త నిపుణుడూ కాదు. రాత్రి డ్యూటీలో ఉండే వైద్యుడు, నర్సు, నరంలోకి ఎక్కించే ఒకటి రెండు రకాల యాంటిబయాటిక్ సీసాలు, సెలైన్, బీపీ యంత్రం, కల్చర్ సీసాలు. 2005 నుంచి నడుస్తున్న 108 అంబులెన్సు. వీటిని కలిపే ముక్క కీమో ఇచ్చిన ఆసుపత్రి చేతిలో ఉంది. డిశ్చార్జి చీటీతోపాటు తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక కార్డు ఇవ్వాలి. కీమో ఎక్కించిన తేదీ, తెల్లకణాలు పడిపోయే తేదీలు, ఏ మందు ఎంత డోసు వెయ్యాలి, ఏ మందు పడదు, రాత్రి ఎత్తే ఫోన్ నంబరు. ఆ కార్డు చూపిస్తే ఏ ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా ఓపీ చీటీ కోసం వరుసలో నిలబెట్టకుండా తొలి డోసు వేసి, ఆ తర్వాతే 108లో తిరుపతికి పంపాలి. ఊళ్లో ఆశా కార్యకర్తకు ఆ తేదీలు తెలియాలి, ఇంట్లో థర్మామీటరు ఉండాలి. ఈ ప్రాంతంలో చాలా ఇళ్లలో సంపాదించే కొడుకు కువైట్‌లో ఉంటాడు, ఇంట్లో మిగిలేది ముసలివాళ్లు. అతను రాత్రి ఫోన్‌లో జ్వరం తగ్గిందా అని అడిగితే, బిళ్ల వేశాం తగ్గింది అంటారు. అతను అడగవలసినవి వేరే రెండు ప్రశ్నలు: బిళ్ల వెయ్యకముందు థర్మామీటరు ఎంత చూపింది, కీమో ఎక్కించి ఇది ఎన్నో రోజు. మొదటిదానికి జవాబు 101, రెండోదానికి పది అయితే, అక్కడినుంచే 108కి ఎవరు ఫోన్ చెయ్యాలో చెప్పి, వాహనం కదిలేదాకా లైన్‌లో ఉండాలి.